మా ఊళ్లో యుగంధర్, మా వీధిలో కాష్మోరా

మొన్న వేసవి సెలవులకి మా అక్క మనవరాలు బెంగుళూరు నుంచి వచ్చింది. రెండు రోజులు సెల్‌ఫోను చూసుకుంటూ కూచుంది. మూడో రోజు కరెంటు పోయింది. ఇంకేమీ తోచక నా బీరువా తెరిచి, అట్టలు ఊడిపోయిన పాత నవలలన్నీ కింద పరుచుకుంది.

"చిన్నమ్మమ్మా, నువ్వు సస్పెన్స్ నవలలు తెగ చదివేదానివట కదా! నేనూ మొదలుపెడతాను. ముందు ఏది చదవమంటావు?" అంది.

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కాని మా విజయనగరంలో ఒకప్పుడు ఈ ప్రశ్న మీద మా ఇంట్లోనే రెండు పార్టీలు ఉండేవంటే నమ్ముతారా? వంకాయలు తరుగుతూ వాదన, అన్నాలు వడ్డిస్తూ వాదన. ఆ వాదనలో నేనూ ఉన్నాను. ఆ ధోరణిలోనే ఒక తప్పు కూడా చేశాను. అది చెప్పకుండా పిల్ల చేతికి పుస్తకం ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. అంచేత ముందు చరిత్ర చెబుతాను, ఆ తరవాత పుస్తకం పేరు చెబుతాను అన్నాను. కరెంటు ఎలాగూ లేదు కనుక వింది. మీరూ వినండి.

సస్పెన్స్ అనగానే అదేదో ఇంగ్లీషువాళ్ల సొత్తు అనుకుంటాం గాని, మన అమ్మమ్మలకి అది కొత్తేమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీ మజిలీ కథలు' పన్నెండు భాగాలూ ఏమిటి మరి? కాశీకి నడిచి వెళ్తున్న ఒక యతి, వెంట నడిచే గొల్లపిల్లవాడు. మజిలీ మజిలీకీ కథ. వినేవాడికి ప్రాణం ఉగ్గబట్టుకున్న చోట మజిలీ అయిపోతుంది. మిగతాది రేపటి మజిలీలోనే. వారపత్రికలవాళ్లు 'సశేషం' అని వేసి మనల్ని వారం రోజులు వేయించుకు తినడం ఇదే కదూ!

ఇక మా ఊరి సంగతికొస్తే, తెలుగులో మొట్టమొదటి మంచి 'కేసు' మా విజయనగరంలోనే పుట్టిందని నేనంటాను. నవ్వకండి. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' 1897లో మొదట అచ్చయింది. 1909లో బాగా పెంచి మళ్లీ వేశారు. అందులో ఏముందో ఒక్కసారి డిటెక్టివ్ కళ్లతో చూడండి. ఆడపిల్ల వేషం వేసుకున్న మగపిల్లాడు పెళ్లికూతురవుతాడు. పెళ్లయ్యాక ఆ పెళ్లికూతురు మాయం. దాంతోపాటు మధురవాణి కంటె కూడా మాయం. ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు మీద హత్యానేరం. పోలీసులు, వకీళ్లు, దొంగసాక్ష్యాలు. వీటన్నిటి మధ్యా పూజారి గవరయ్య దిగి, ఆ వచ్చింది పెళ్లికూతురు కాదు, పిశాచం అని తేల్చేసి, దాన్ని సీసాలో పట్టి బిరడా బిగిస్తాడు! చదువరికి మాత్రం అసలు సంగతి ముందే తెలుసు. సీసాలో గాలి తప్ప ఏమీ లేదని తెలిసి మనం నవ్వుతూ ఉంటాం. ఆ నవ్వు చాలా గొప్పదని నాకు తరవాత తెలిసొచ్చింది. అది ఆఖర్న చెబుతాను.

అదే కాలంలో ఇంగ్లండులో కానన్ డాయిల్ గారు షెర్లాక్ హోమ్స్ కథలు రాస్తున్నారు. 1901, 1902ల్లో ఒక పత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆయన నవలలో ఒక దయ్యపు కుక్క ఉంది. దాని నోట్లోంచి మంటలు వస్తూంటాయి. ఒక వంశాన్నే వేటాడుతూ ఉంటుంది. ఆఖరికి చూస్తే అది మామూలు కుక్కే, మూతికి మెరిసే మందు పూశారు. నూట ఇరవై ఏళ్లు దాటిపోయింది కనుక గుట్టు చెప్పేసినా తప్పులేదు లెండి. ఆ తరవాత 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఆయన డిటెక్టివ్ కథలకి పది నియమాలు పెట్టాడు. అందులో ఒకటి: దయ్యాలూ మంత్రాలూ హత్యకి కారణం కాకూడదు. తమాషా ఏమిటంటే, ఈ నాక్స్ గారు క్రైస్తవ మతగురువు! దేవుణ్ని నమ్మే మనిషే, కథలో నేరం మాత్రం మనిషే చెయ్యాలి, మనిషే పట్టుకోవాలి అన్నాడు.

మన వేపు ఇంకో పెద్దాయన కూడా తెలియకుండానే ఈ నవలలకి దారి వేశారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, మనుషులు మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పోరాటం బళ్లలో పాఠాల కోసం. కాని ఆలోచించండి, ఆయనే గెలవకపోతే మన డిటెక్టివులు "చేతులు పైకెత్తుము, లేనిచో కాల్చివేసెదను!" అనాల్సి వచ్చేది. ఆ వాక్యం పూర్తయ్యేలోపు హంతకుడు గోడ దూకి పారిపోయేవాడు. వాడుకభాష వచ్చాకే మన ఆడవాళ్లు డిక్షనరీ పక్కన పెట్టుకోకుండా, పొయ్యి దగ్గర కూచుని నవల చదవగలిగారు.

ఆ భాషలో సరదాగా అపరాధ పరిశోధన రాసినవాళ్లలో ఆరుద్ర గారొకరు. 1925లో పుట్టిన ఆరుద్ర గారు కాలేజీ చదువుకి మా విజయనగరమే వచ్చారు. 'త్వమేవాహం', 'సమగ్రాంధ్ర సాహిత్యం' రాసిన ఆ చేత్తోనే 'పలకల వెండిగ్లాసు', 'ఆనకట్ట మీద హత్య' అని డిటెక్టివ్ నవలలు రాశారు. "అంత పండితుడు ఇవి రాయడమేమిటి!" అని ముక్కు మీద వేలేసుకున్నవాళ్లకి మా పెద్దమ్మ ఒకటే జవాబు చెప్పేది. "పండితుడు కాబట్టే లెక్క తప్పకుండా రాశాడు."

మా పెద్దమ్మ గురించి చెప్పాలి. ఆవిడ చదువు అయిదో క్లాసు. ఆవిడ దేవుడు పైడితల్లమ్మ. ఆవిడ హీరో డిటెక్టివ్ యుగంధర్.

యుగంధర్‌ని సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు గారు 1926లో పుట్టి 1994లో పోయారు. మద్రాసు మహానగరం, క్రిజ్లర్ కారు, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ఈ నాలుగూ ఉంటే చాలు, మా పెద్దమ్మకి పండగే. ఆవిడ మద్రాసు ఎప్పుడూ చూడలేదు. కాని యుగంధర్ కారు ఏ వీధిలో ఎటు మళ్లుతుందో చెప్పేది. 'చావు కేక', 'ప్రాక్టికల్ జోకర్' ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. "హంతకుడు ఎవరో తెలిసిపోయాక మళ్లీ ఎందుకు పెద్దమ్మా?" అంటే, "తెలిసిపోయాకే అసలు చదవడం. ఎక్కడ దొరికాడో, మనం ఎక్కడ చూడలేకపోయామో అప్పుడు తెలుస్తుంది" అనేది.

ఆ పుస్తకాలు కొనేంత స్తోమతు మాకు లేదు. గంటస్తంభం దగ్గర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. రోజుకి పావలా. ఆడపిల్లలు ఆ కొట్టుకి వెళ్తే బాగుండదని తమ్ముణ్ని పంపేవాళ్లం. వాడికి కమీషను ఐదు పైసలు. వాడు తనకోసం మధుబాబు గారి షాడో నవలొకటి తెచ్చుకునేవాడు. మాకు యద్దనపూడి సులోచనారాణి గారివి, పెద్దమ్మకి యుగంధర్. 'సెక్రటరీ' మీద యుగంధర్, యుగంధర్ మీద కూరల సంచీ. ఇలా ఇల్లు చేరేవి.

అద్దె పుస్తకాల్లో ఒక వింత ఉండేది, గుర్తుందా మీకు? ఆఖరి అట్ట లోపలి వేపు ఖాళీ జాగాలో చదివినవాళ్లందరూ పెన్సిలుతో అభిప్రాయాలు రాసేవారు. "బాగుంది." "ఏమీ బాగులేదు, 40వ పేజీలోనే తెలిసిపోయింది." "పై అభిప్రాయం రాసినవారు అబద్ధాలకోరు." "ఇది చదివితే దీని తరవాత ఫలానాది చదవండి." ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. కాని ఆ చేతిరాతలు మాకు స్నేహితుల్లాగే ఉండేవి. ఎవడో పుణ్యాత్ముడు మాత్రం మొదటి పేజీలోనే "హంతకుడు డాక్టరే" అని రాసి పోయేవాడు. వాడి చెయ్యి పడిపోనూ అని పెద్దమ్మ తిట్టని రోజు లేదు.

ఇలా ఉండగా 1980 దశకం మొదట్లో మా ఇంట్లోకి కాష్మోరా ప్రవేశించింది.

'తులసిదళం' సీరియల్‌గా వచ్చింది ఆంధ్రభూమి వారపత్రికలో. సికరాజుగా పేరు పొందిన కనకాంబరరాజు గారు దానికి సంపాదకులు. రచయిత యండమూరి వీరేంద్రనాథ్ గారు 1948లో రాజోలులో పుట్టారు. చార్టర్డ్ అకౌంటెంటు. లెక్కలు చూసే మనిషి కాబట్టే కాబోలు, ఏ పేజీలో మన గుండె ఎన్నిసార్లు కొట్టుకోవాలో కూడా లెక్కకట్టి రాసేవారు. తులసి అనే చిన్నపిల్ల. ఆ పిల్ల మీద ప్రయోగం. కాద్రా అనే మంత్రగాడు, కాష్మోరా అనే క్షుద్రశక్తి. మరో పక్క డాక్టర్లూ, హిప్నాటిజం తెలిసినవాళ్లూ. పిల్లని బతికించింది ఎవరు, సైన్సా మంత్రమా? రెంటికీ దారి వదిలేసి, తేల్చుకోవడం చదివేవాళ్లకే విడిచిపెట్టారు.

ఆ పత్రిక వచ్చే రోజున మా వీధి వీధంతా అరుగు మీదే. ఇంటికొక కాపీ కొనే రోజులు కావు గనక ఒక్క కాపీ ఆరిళ్లు తిరిగేది. మా పిన్ని పైకి చదివేది, మిగతావాళ్లు వినేవాళ్లు. పిన్ని తులసి పార్టీ. పెద్దమ్మ యుగంధర్ పార్టీ.

"ఇది చదివితే రాత్రి పెరట్లోకి వెళ్లాలంటే భయమేస్తోంది. అదీ రాయడమంటే!" అని పిన్ని.

"భయపెట్టడం ఎంతసేపు? చీకట్లో గట్టిగా తుమ్మినా భయమేస్తుంది. భయపెట్టినవాడు దీపం వెలిగించి చూపించాలి" అని పెద్దమ్మ.

బయటా ఇదే గొడవ. ఇది క్షుద్ర సాహిత్యం అని కొందరు విరుచుకుపడ్డారు. రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. అయినా జనం చదవడం మానలేదు. దానికి కొనసాగింపుగా 'తులసి' వచ్చింది. 1986లో తెలుగులో 'కాష్మోరా' సినిమా కూడా వచ్చింది. నేనైతే పూర్తిగా పిన్ని పార్టీ. పదిహేనేళ్ల పిల్లని, పదో క్లాసు. ఆ వయసులో దీపం వెలిగించడం కంటే ఆర్పడంలోనే మజా.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

మా వీధిలోకి రోజూ ఒక ముసలమ్మ ఆకుకూరలు తెచ్చేది. ఊరి బయట పల్లె నుంచి తెల్లారేసరికి నడిచి వచ్చేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. తోటకూర, గోంగూర, బచ్చలి. గంప మా అరుగు మీదే దించి, పెద్దమ్మ ఇచ్చిన చోడి అంబలి తాగి, మిగతా ఇళ్లకి వెళ్లేది. ఆ యేడు వానలు పడ్డాక మా ఎదురింటి ఆరేళ్ల పిల్లకి జ్వరం పట్టుకుంది. వారం అయినా వదల్లేదు. పిల్ల కలవరిస్తోంది, అన్నం ముట్టడం లేదు. అప్పటికి సీరియల్లో తులసి కూడా మంచం మీదే ఉంది!

ఒక సాయంత్రం అరుగు మీద ఎవరో "ఇది మామూలు జ్వరంలా లేదు" అన్నారు. అందరూ ఒక్క క్షణం ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దంలో నా నోటంట ఒక మాట వచ్చేసింది. "మొన్న ఆకుకూరల మామ్మ వాళ్ల గేటు దగ్గర వంగి ఏదో పెట్టడం నేను చూశాను. తరవాత అక్కడ నిమ్మకాయ ఉంది."

అంతే. ఇంకేం అనలేదు. అననక్కర్లేకపోయింది కూడా. "చిల్లంగి" అన్నమాట నేను అనలేదు, ఎవరన్నారో తెలియదు. మన ఉత్తరాంధ్రలో ఆ మాట బరువేమిటో కొత్తగా చెప్పక్కర్లేదు కదా. ఏజెన్సీ పల్లెల్లోనూ, మైదానం పల్లెల్లోనూ, చిల్లంగి పెట్టారన్న అనుమానంతో ముసలివాళ్లని కొట్టారనీ, చంపారనీ వార్తలు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పేపర్లలో చదువుతూనే ఉన్నాను. అది ఏ నవలా తెచ్చి పెట్టింది కాదు. నవలల కంటే ముందే ఉంది. కాని అంతవరకూ "చదువులేనివాళ్ల మాటలు" అని తీసిపారేసే మా వీధివాళ్లు, ఆ వేళ తియ్యలేకపోయారు. ప్రతివారం పిన్ని పైకి చదివింది అదే కదా! చదువులేనివాళ్ల భయం కాస్తా ఇస్త్రీ చీర కట్టుకుని మా అరుగెక్కి కూచుంది.

మర్నాడు ఎవరూ ఆకుకూరలు కొనలేదు. ఆ మర్నాడు వీధి మొగలో రిక్షావాళ్లు ఆవిణ్ని "ఈ వేపు రాకు" అని పంపేశారు. మూడోనాడు పెద్దమ్మ అంబలి గిన్నె పట్టుకుని అరుగు మీద నించుంది. ఎవరూ రాలేదు. సంగతి కనుక్కుంది. నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది.

"ఒకటి అడుగుతాను, సరిగ్గా చెప్పు. నువ్వు చూసిందేమిటి, అనుకున్నదేమిటి?"

"చూశాను పెద్దమ్మా, వంగింది..."

"వంగింది. అది చూశావు. పెట్టడం చూశావా?"

"... లేదు."

"నిమ్మకాయ ఎప్పుడు చూశావు?"

"సాయంత్రం, బడి నుంచి వస్తూ."

"ఆవిడ వచ్చేది పొద్దున్న. పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య ఆ గేటు ముందు ఎవరెవరు తిరిగారు?"

నాకు గొంతు పెగల్లేదు. ఆవిడే బయల్దేరింది. అయిదో క్లాసు చదివిన మా పెద్దమ్మ, కొంగు నడుముకి చుట్టుకుని, యుగంధర్ లాగే ఇల్లిల్లూ తిరిగి వాకబు చేసింది. గంటలో తేలిపోయింది. పక్కింటి అబ్బాయి ఆవేళే పాత స్కూటరొకటి కొనుక్కొచ్చాడు. గుళ్లో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఒకటి నలగకుండా దొర్లి ఎదురింటి గేటు దగ్గర ఆగింది. ముసలమ్మ వంగింది ఎందుకంటే, మడమ పగిలి గుడ్డపీలిక కట్టుకుంది, అది ఊడిపోతోంది. ఇక జ్వరం సంగతి. పెద్దమ్మ పట్టుబట్టి పిల్లని పెద్దాసుపత్రికి పంపించింది. రక్తం తీసి పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. క్లోరోమైసిటిన్ మాత్రలిచ్చారు, నీళ్లు కాచి తాగమన్నారు. వానలకి ఆ ఇంటి నూతిలోకి కాలవ నీళ్లు దిగుతున్నాయని అప్పుడు చూసుకున్నారు. పదిహేను రోజుల్లో పిల్ల లేచి తిరిగింది.

కేసు తేలింది. కాని కథ తేలలేదు.

ఎంచేతంటే, మాట అప్పటికే ఆ పల్లెకి చేరిపోయింది. "విజీనారంలో ఫలానా వీధిలో రానివ్వడం లేదట" అని. పట్నంలో మాకది అరుగు మీద కబురు. అక్కడ, ఒంటరి ముసలిదానికి, అది ప్రాణం మీదికొచ్చే సంగతి. పెద్దమ్మ నన్ను రిక్షా ఎక్కించి ఆ పల్లె తీసుకువెళ్లింది. తాటాకు పాక ముందు ఆవిడ ఒక్కర్తీ కూచుని ఉంది. పది మంది దూరంగా నించుని చూస్తున్నారు. పెద్దమ్మ ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా తిన్నగా వెళ్లి ఆవిడ అరుగు మీద కూచుంది.

"దాహంగా ఉంది, కాసిని మంచినీళ్లు ఇప్పించమ్మా" అంది.

ఆవిడ తెచ్చిన చెంబెడు నీళ్లూ అందరూ చూస్తూండగా తాగింది. చిల్లంగి ఉందనుకున్న ఇంట్లో మంచినీళ్లు ఎవరూ ముట్టరు. పెద్దమ్మ అంతకంటే పెద్ద ఉపన్యాసం చెప్పలేదు. తరవాత గట్టిగా, అందరికీ వినబడేలా, "పిల్లకి టైఫాయిడ్ అన్నారు డాక్టర్లు. మందులకి తగ్గుతోంది. మా పిల్ల తెలియక ఒక మాట తూలింది. చెప్పు" అంది నాతో.

నేను చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఆవిడ అన్నది మాత్రం గుర్తుంది.

"నానేటి సేసినానమ్మా మీకు? నాలాటోళ్ల గురించి మీ పొత్తకాల్లో రాసుంతాదట గదా. నాకు సదువు రాదు. సదువుకున్న గుంటవి, నువ్వు సూసి సెప్పు తల్లీ, ఏటి రాసుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ సరిగ్గా లేదు.

పది రోజులకి ఆవిడ మళ్లీ మా వీధిలోకి వచ్చింది. కాని గంప మా అరుగు మీద మరెన్నడూ దించలేదు. రోడ్డు మీదే నించుని ఇచ్చి వెళ్లిపోయేది. అంబలి తాగేది కాదు. నా పెళ్లయి శ్రీకాకుళం కాపరానికి వచ్చేదాకా అలాగే జరిగింది.

చాలా ఏళ్ల తరవాత నేనొక సంగతి చదివాను. 1917లో ఇంగ్లండులో కాటింగ్లీ అనే ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలు కాగితం బొమ్మలు కత్తిరించి, గడ్డిలో నిలబెట్టి, ఫొటో తీసి, "దేవకన్యల్ని చూశాం" అన్నారట. ఆ మాట నమ్మి పుస్తకం రాసింది ఎవరనుకున్నారు? కానన్ డాయిల్ గారే! షెర్లాక్ హోమ్స్‌ని దయ్యాల జోలికి పోనివ్వని మనిషి, తను మాత్రం నమ్మేసి 1922లో పుస్తకం వేశారు. ఆ పిల్లలు ముసలమ్మలయ్యాక, 1983లో, అది కాగితమేనని ఒప్పుకున్నారు. అది చదివి చాలాసేపు కూచుండిపోయాను. పిల్లలు చూశామంటారు, పెద్దవాళ్లకి నమ్మాలని ఉంటుంది. వాళ్ల అబద్ధం వల్ల ఎవరికీ అన్నం పోలేదు. నాది అలాంటిది కాదు.

అయితే తప్పు నవలదా? అలా అనను. ఆ రచయితే 'అభిలాష' రాశారు. ఉరిశిక్ష తీసేయాలని తపించే లాయరు, తనే ఉరికంబం దాకా వెళ్లే కథ. 1983లో సినిమాగా వచ్చింది, చూసే ఉంటారు. 'వెన్నెల్లో ఆడపిల్ల'లో హత్యా లేదు, మంత్రమూ లేదు. ఎక్కడుందో చెప్పని ఒక అమ్మాయిని వెతకడమే సస్పెన్సు. తరవాత్తరవాత 'విజయానికి ఐదు మెట్లు' రాసి, భయాలు వదిలించుకోమని కుర్రాళ్లకి చెప్పిందీ ఆయనే. ఒక్క పుస్తకంతో ఏ రచయితనీ తూచకూడదు. పైగా 'తులసిదళం'లో డాక్టర్ల దారి కూడా ఉంది. నేనే ఆ దారిన నడవలేదు. రెండు తలుపులు తెరిచి పెడితే, పదిహేనేళ్ల పిల్ల ఏ తలుపులోంచి వెళ్తుందో వేరే చెప్పాలా?

కాని పాఠకుల బాధ్యత అనేది ఒకటుంది సుమండీ. మన పక్కనున్న ఒడిశావాళ్లు మంత్రగత్తెలన్న నెపంతో ఆడవాళ్లని హింసించకుండా 2013లో ప్రత్యేకంగా చట్టం చేసుకున్నారంటే, ఆ భయం ఇంకా చచ్చిపోలేదనే కదా అర్థం. అప్పుడు అరుగు మీద పాకే మాట, ఇప్పుడు సెల్‌ఫోన్లలో పాకుతోంది. మా పెద్దమ్మ లేదు. అంబలి గిన్నె పట్టుకుని వాకబుకి బయల్దేరేవాళ్లే తక్కువయ్యారు.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం ఉంది కదా. మాస్టారు 2021లో పోయారు, నిలయం నిలిచింది. పాత వారపత్రికలు అక్కడ భద్రంగా ఉన్నాయి. మన పిల్లల్ని ఒక్కసారి తీసుకువెళ్లి, ఆ సంచికలు చూపించండి. మనం దేనికి నవ్వామో, దేనికి ఏడ్చామో, దేనికి భయపడ్డామో వాళ్లకీ తెలియాలి.

ఇంతకీ మనవరాలి ప్రశ్న అలాగే ఉండిపోయింది. "చరిత్ర అయిందా చిన్నమ్మమ్మా? ముందు ఏది?" అంది.

వరసగా చెప్పాను. ముందు 'కన్యాశుల్కం', పూజారి గవరయ్య సీసా చూసి కడుపుబ్బ నవ్వడానికి. ఆ నవ్వు వచ్చినవాళ్లకి ఆ తరవాత ఏ దయ్యమూ ఏమీ చెయ్యలేదు. పిమ్మట కొమ్మూరి 'చావు కేక', కళ్లు పెట్టుకుని చూడ్డం నేర్చుకోవడానికి. మధ్యలో ఆరుద్ర వెండిగ్లాసు, నోరు తీపి చేసుకోవడానికి. వీటి తరవాత 'తులసిదళం', హాయిగా భయపడ్డానికి. భయపడ్డంలో తప్పేమీ లేదు. పుస్తకం మూశాక ఆ భయం తీసుకెళ్లి ఎదుటి మనిషి మొహానికి తగిలించకుండా ఉంటే చాలు.

"మరి నువ్వు అప్పుడు ఈ వరసలోనే చదివి ఉంటే?" అంది పిల్ల.

అంతలో కరెంటు వచ్చింది. దానికి జవాబు చెప్పే బాధ తప్పింది. పిల్ల మాత్రం ఫోను తియ్యలేదు. 'చావు కేక' తీసుకుని కిటికీ దగ్గర కూచుంది. ఆఖరి అట్ట లోపలి వేపు, పెన్సిలు రాతల మధ్య, మా పెద్దమ్మ గుండ్రటి అక్షరాలు ఉన్నాయి: "బాగుంది. రెండోసారి నిదానంగా చదవండి."